గోడ మీది నాగావళి

ఖరగ్‌పూర్‌ని చూడ్డానికని ఎవరూ వెళ్ళరు. రైలు మారడానికి దిగుతారు, ప్లాట్‌ఫాం పొడవు చూసి నోరు తెరుస్తారు, టీ తాగి వెళ్ళిపోతారు. నేను మాత్రం విజయనగరంలో రైలెక్కి, ఖరగ్‌పూర్‌లోనే దిగి, మూడు రోజులుండి, అక్కణ్ణుంచే వెనక్కి వచ్చాను. ఎందుకెళ్ళావని అడిగినవాళ్ళకి ఒక బొమ్మ చూడ్డానికని చెప్పాను. అరవై నాలుగేళ్ళ మనిషి బొమ్మ కోసం రైలెక్కడమేమిటని మా వీధిలో నవ్వుకున్నారు. నవ్వుకోనీ.

ఆ బొమ్మ సంగతి ముందే చెప్పాలి. నేను హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేశాను. పెళ్ళయిన కొత్తలో విశాఖపట్నంలో ఒక పాత బంగళా పడగొడుతూ సామాను అమ్ముతుంటే, కుర్చీలు కొనమని మా ఆవిడ సుభద్ర పంపింది. కుర్చీలు మానేసి ఒక బొమ్మ కొనుక్కొచ్చాను. అది చెక్కుడు బొమ్మ. ఫోటోలు లేని రోజుల్లో, పేరుపడ్డ ప్రకృతి చిత్రాలు నలుగురి ఇళ్ళకీ చేరాలంటే అదే దారి. చిత్రాన్ని ఎదురుగా పెట్టుకుని పనివాడు రాగిరేకు మీద వెంట్రుకంత గీతలు నెలల తరబడి చెక్కేవాడు. ఆ గీతల్లో సిరా పట్టించి, తడి కాగితం పరిచి గట్టిగా ఒత్తితే నలుపు తెలుపుల్లో బొమ్మ దిగేది.

మా బొమ్మలో ఒక నది, మూడు కమానుల వంతెన, దూరంగా గుట్ట మీద ఒక బురుజు, ఎడమవైపు కిందికి దిగిన సూర్యుడు ఉన్నాయి. వంతెన మీద రెండావుల్ని తోలుకుంటూ ఒక మనిషి నడుస్తుంటాడు. ఆవుల్ని పొద్దున్నే మేతకి తోలుకెళుతున్నాడని సుభద్ర, సాయంకాలం ఇంటికి తోలుకొస్తున్నాడని నేను. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఈ వాదన నడిచింది. ఇద్దరం ఇద్దరమే, పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. "ఆ ఊరికే వెళ్ళి చూస్తే తేలిపోతుంది కదా!" అని ఒకరోజు తనే అంది. ఊరి పేరు తెలిస్తే తప్పకుండా వెళదామని మాటిచ్చాను. ఇలాంటి బొమ్మలకి అడుగు అంచున పేరు ఉంటుంది. మా బొమ్మని ఫ్రేములో ఇరికించడానికి ఎవడో ఆ అంచు కాస్తా కత్తిరించేశాడు.

సుభద్ర పోయి రెండేళ్ళయింది. మొన్న చలికాలంలో నా పాత శిష్యుడు అప్పలరాజు ఫోనుకి ఒక ఫోటో పంపాడు. వాడు ఖరగ్‌పూర్‌లో రైల్వే గుమాస్తా. శుభలేఖ ఇవ్వడానికి ఎవరింటికో వెళితే గోడ మీద కనబడిందట. అదే నది, అవే మూడు కమానులు. సూర్యుడు మాత్రం కుడివైపున్నాడు, ఆవులకి బదులు కడవతో ఒక అమ్మాయి ఉంది. మా బొమ్మకి జంట! దాని అడుగు అంచు మిగిలి ఉంటే ఊరి పేరు తెలుస్తుంది. తెలిస్తే వెళ్ళాలి. ఇద్దరం వెళదామనుకున్నచోటికి ఒక్కణ్ణయినా వెళ్ళాలి. సంచిలో భూతద్దం పెట్టుకుని బయల్దేరాను.

రెండు టీలు

నేను దిగిన రోజునే అప్పలరాజుని డ్యూటీ మీద చక్రధర్‌పూర్ పంపారు. ఆ ఇంటివాళ్ళకి చెప్పి ఉంచానని, టోటో ఎక్కి ఫలానా చోట దిగమని ఫోన్లోనే అప్పగింతలు పెట్టాడు. టోటో అంటే బ్యాటరీ మీద నడిచే ఆటో. చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి వచ్చి మోకాలికి తగులుతుంది. నాకు రెండుసార్లు తగిలింది.

స్టేషన్ బయట టీ కొట్టు కనబడితే నిలబడి "దో చాయ్" అన్నాను. ఎక్కడికి వెళ్ళినా ముప్ఫై ఏళ్ళుగా అన్న మాట, నోటికి అలవాటైపోయింది. కొట్టాయన రెండు మట్టి ముంతలు నా ముందు పెట్టి, రెండోవాళ్ళెక్కడని చుట్టూ చూశాడు. వస్తున్నారన్నట్టు తలూపి రెండూ నేనే తాగాను. ముంత ఎనిమిది రూపాయలు. మన దగ్గర గ్లాసు తొలిచి ఇంకొకరికి ఇస్తారు. ఇక్కడ తాగిన ముంతని డబ్బాలో పారేస్తారు. మొదటిది పారేశాను. రెండోది ఎందుకో పారెయ్యబుద్ధి కాలేదు, రుమాల్లో చుట్టి సంచిలో వేసుకున్నాను.

నిమ్‌పురాలో నా నోరు

ఇల్లు నిమ్‌పురాలో, రైల్వే క్వార్టర్ల వరసలో ఉంది. యార్డులో పెట్టెలు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు మాటల మధ్య పడుతూనే ఉంటుంది, అక్కడివాళ్ళకి వినబడదు. ఇంటి పెద్ద పైడమ్మగారు. ఎనభైకి దగ్గర మనిషి. వర్క్‌షాపులో పనిచేసిన భర్త పోయాడు, కొడుకు షెడ్డులో పని. కోడలు మౌసుమి బెంగాలీ అమ్మాయి. తెలుగు మాట్లాడుతుంది, ఆ తెలుగంతా అత్తగారి యాసే.

"ఇజీనారం నుంచొచ్చినారా బాబూ! అయితే మావోరే," అంది పైడమ్మగారు నా చెయ్యి పట్టుకుని. "మాది పాలకొండ కాడ. నాగావళి గట్టు మీద ఊరు. నేను సూడ్నేదనుకోండి. ఇక్కడే పుట్టినాను, ఇక్కడే పెళ్ళయినాది. రండి, మావూరు సూద్దురు గాని."

గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. అదే బొమ్మ. ఫ్రేముకి బంతిపూల దండ, అద్దం మీద పెద్ద కుంకుమ బొట్టు ఉన్నాయి. ఆ బొట్టు సరిగ్గా గుట్ట మీది బురుజు ఉండవలసిన చోట ఉంది.

"దొర బంగళా కాళీ సేసినప్పుడు మావగోరికి ఇచ్చినాడంట. మావగోరు సూసి, ఇది మావూరే, ఇది నాగావళే, అది అమ్మోరి గుడే అన్నారంట. నేను కోడలుగా గడప దాటినానో లేదో, అమ్మీ, ముందు ఊరికి దండం ఎట్టు అన్నారు. అమ్మోరి పండక్కి ఊరెళ్దామంటే సెలవు దొరికీది కాదు బాబూ. అంచేత ఈ పటం కాడే పసుపునీళ్ళు సల్లి కొబ్బరికాయ కొట్టీవోళ్ళం. మా మౌసుమి సేత కూడా దండం ఎట్టించినాను."

"నేను ముందు భయపడినాను," అంది మౌసుమి నవ్వుతూ. "అందరూ ఠాకూర్‌కి, అంటే దేవుడికి, దండం పెడతారు, వీళ్ళు నదికి పెడుతున్నారేటని."

పైడమ్మగారు నా వైపు తిరిగింది. "మీరా పక్కోరే గదా. ఇప్పుడూ అలాగే ఉందా బాబూ మా ఊరు?"

ఇక్కడ ఒక తెలివైనవాడైతే తలూపి టీ అడిగేవాడు. నేను డ్రాయింగ్ మాస్టార్ని. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను. "ఇది మీ ఊరు కాదమ్మా," అన్నాను. "అసలు మన దేశమే కాదు. ఎక్కడో యూరప్‌లోది. మీరు గుడి అనుకుంటున్నది కూలిన బురుజు. మా ఇంట్లో దీని జంట ఉంది, దాంట్లో బాగా కనబడుతుంది."

యార్డులో పెట్టెలు తగులుకున్నాయి. ఆవిడ బొమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. "టీ తాగండి బాబూ," అని లోపలికి వెళ్ళిపోయింది. నేను టీ తాగుతున్నంతసేపూ మౌసుమి నా ముఖం చూడలేదు. ఫ్రేము విప్పుతారా అని అడగడానికే వచ్చినవాణ్ణి, అడక్కుండానే చెప్పులు వేసుకున్నాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ అనేది. నా నోటి మూలంగా ఒక ముసలామెకి ఉన్న ఒక్క ఊరూ పోయింది. సుభద్ర ఉంటే నేను నోరు తెరవబోతుండగానే మోచేత్తో పొడిచేది.

ఆ సాయంత్రం గోల్ బజార్లో తెలుగువాళ్ళ ఇడ్లీ బండి దగ్గర నాలుగిడ్లీ తిన్నాను, ముప్ఫై రూపాయలు. సాంబారులో బెల్లం ఎక్కువైంది. ఈ ఊళ్ళో మనవాళ్ళ నాలుక కూడా కొంచెం తీపి వైపు వాలిపోయినట్టుంది. బండాయన నా మాట విని, "ఏటి బాబూ, ఒక్కరే వొచ్చినారా?" అన్నాడు. ఒక్కణ్ణే అన్నాను. చట్నీ ఇంకొంచెం వేశాడు. లాడ్జి గదిలో రెండు మంచాలున్నాయి. ఒకదాని మీద సంచి పెట్టాను.

తెల్లటి చదరం

మర్నాడు పొద్దున్నే క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్ళాను. ఉత్త చేతులతో ఎందుకని అరకిలో సందేశ్ మిఠాయి కొన్నాను. తలుపు తియ్యగానే గోడే కనబడింది. బొమ్మ లేదు. అది ఉన్నచోట సున్నం తెల్లగా, చదరంగా మిగిలింది. పైన మేకుకి ఎండిన దండ వేలాడుతోంది.

పైడమ్మగారు మంచం మీద కూర్చుని ఉంది. "రాత్రి దండం ఎట్టుకోనేదు," అంది నన్ను చూడగానే. "ఎవురికి ఎట్టుకోవాలో తెలీనేదు."

"తప్పయిపోయిందమ్మా. నాకు నోరాగదు."

"తప్పేటి బాబూ, నిజమే సెప్పినారేమో. కానీ మా ఊరు కాదంటే మరేవూరో కూడా మీరే సెప్పాల. అరవై ఏళ్ళు ఎవురూరికి పసుపునీళ్ళు సల్లినానో నాకు తెలియాల గదా."

నాకు కావలసింది ఎదురుగా నిలబడింది. అయినా సిగ్గేసింది. ఫ్రేము చెక్క కింద పేరుండవచ్చునని, విప్పితే గాని తెలియదని చెప్పాను. నేనెందుకొచ్చానో, సుభద్రకి ఏం మాటిచ్చానో కూడా చెప్పాను. ఆవిడ అంతా విని, "మావగోరు బిగించిన మేకులవి. విప్పినప్పుడు నేనుండాల," అంది. ఫ్రేముల కొట్టుకి ఆ రోజు సెలవు. మర్నాడు వెళదామనుకున్నాం.

భోజనం చేస్తే గాని కదలనివ్వలేదు. మౌసుమి ఒకే పళ్ళెంలో పప్పుచారూ, ఆలూ పోస్తో వడ్డించింది. పోస్తో అంటే గసగసాలు. మనం మసాలాలో చిటికెడు వేసి ఎక్కువైందేమోనని భయపడతాం, వీళ్ళు గుప్పెళ్ళతో నూరి కూరే చేసేస్తారు. తిన్నాక పొట్ట చల్లగా, కళ్ళు బరువుగా అయ్యాయి. రెండోసారి వడ్డించబోతూ మౌసుమి అత్తగారితో, "మా, మీ ఇజీనారం ఆయన పోస్తో తింటున్నాడు," అంది. అప్పుడు పైడమ్మగారు మొదటిసారి నవ్వింది.

అన్నాల తర్వాత ఆవిడకి బొమ్మెలా తయారవుతుందో చెప్పాను. రాగిరేకు, ఉలి, సిరా. ఆవిడకి నాకంటే బాగా అర్థమైంది. "మా ఆయనా అదే పని. ఇత్తడి రేకుల మీద ఇంజన్ నంబర్లు సెక్కీవోడు. ఇంటికొచ్చినా సేతి ఏళ్ళు వొంకరగానే ఉండీవి. అన్నం ముద్ద నిలిసీది కాదు."

మేకులు

మూడో రోజు మా ఇద్దరి ప్రయాణం చూసినవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. టోటోలో ఆవిడ పాత పట్టుచీరలో చుట్టిన పటాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురు సీట్లో నేను, గతుకు వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెడుతూ. "పట్టుకోనక్కర్నేదు బాబూ, ఇది నాది," అంది మూడో గతుకు దగ్గర.

గోల్ బజార్‌లో ఫ్రేముల కొట్టాయన్ని అందరూ దాదా అంటారు, అంటే అన్న. ఆయన అరచేతిలో పటం బరువు చూసి, పాత టేకు అని మెచ్చుకున్నాడు. విప్పడానికీ మళ్ళీ బిగించడానికీ నూట యాభై అన్నాడు. నేను జేబులో చెయ్యి పెట్టేలోపల పైడమ్మగారు చెంగు ముడి విప్పింది. ఆవిడతో నేను వాదించలేదు, నా జన్మలో అదొక వింత.

దాదా ఒక్కొక్క మేకే పటకారుతో లాగాడు. ప్రతి మేకు ఊడినప్పుడూ ఆవిడ కళ్ళు మూసుకునేది. వెనక అట్ట తీశాడు. పాత కాగితం వాసన కొట్టింది. అద్దం పక్కన పెట్టి, బొమ్మని రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పరిచాడు.

అడుగు అంచు ఉంది! కత్తిరించలేదు, వెనక్కి మడిచారు, అంతే. దాదాయే మడత విప్పాడు. సంచిలోంచి భూతద్దం తియ్యబోతే ముందు మట్టి ముంత చేతికి వచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టి మళ్ళీ వెతుక్కున్నాను.

ఎడమ మూల చిత్రకారుడి పేరుంది, పుస్తకాల్లో పెద్ద అక్షరాలతో కనబడే పేరు. కుడి మూల చెక్కినవాడి పేరు, నేనెన్నడూ వినని పేరు. మధ్యలో కొంచెం పెద్ద అక్షరాలు.

"ఏటి రాసుంది బాబూ?"

మళ్ళీ చదివాను. ఇంకోసారి చదివాను.

"ఉదయం అని ఉందమ్మా. అంతే. కింద చిన్న అక్షరాల్లో, ఊహించి కూర్చిన దృశ్యం, దీని జంట సాయంకాలం, అని ఉంది."

"ఊరి పేరో?"

"లేదు. ఊరు లేదు. గీసినాయన ఎక్కడా నిలబడి చూసి గీసింది కాదు. ఒక చోటి నది, ఒక చోటి వంతెన, ఒక చోటి కొండ మనసులో కలుపుకుని గీశాడు. ఈ చోటు భూమ్మీద ఎక్కడా లేదు."

ఆ మాట ఆవిడకి చెబుతున్నాననుకున్నాను. సగంలో తెలిసింది, నాకు నేనే చెప్పుకుంటున్నానని. వెళ్ళడానికి చోటు లేదు. ఏ రైలూ, ఏ విమానమూ అక్కడికి పోదు. రెండేళ్ళుగా ఊరి పేరు తెలియకే ఆగానని నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ కొట్టులో, జిగురు వాసనలో, పరాయివాళ్ళ పెళ్ళి ఫోటోల మధ్య నిలబడి ఏడ్చాను. దాదా స్టూలు జరిపి, "బోషున్, బోషున్," అన్నాడు. కూర్చున్నాను.

పైడమ్మగారు చాలాసేపు బొమ్మనే చూసింది. తర్వాత కుడి మూల వేలు పెట్టి, "ఇది సెక్కినోడి పేరన్నారా?" అని అడిగింది. అవునన్నాను.

"వాడి పేరు ఏసినారు. మా ఆయన ఇరవై ఏళ్ళు సెక్కినాడు, ఒక్క రేకు మీదా ఆయన పేరు నేదు." అని మళ్ళీ నది వైపు చూసింది. "అయితే ఇది ఎవురూరూ కాదన్నమాట."

"కాదమ్మా."

"ఇంకెవురైనా మాదని వొస్తారా?"

"ఎవరూ రారు."

"మరింకేటి బాబూ! ఎవురిదీ కాకపోతే మాదే."

ఈలోగా దాదా అలవాటు కొద్దీ తడిగుడ్డతో అద్దం తుడిచేశాడు. అరవై ఏళ్ళ బొట్టు గుడ్డకి అంటుకుని పోయింది. అది చూసి ఆయనే కంగారుపడి, "దీదీ, నేను చూళ్ళేదు," అని చేతులు జోడించాడు. ఆవిడ మాత్రం బొట్టు చాటున ఇన్నాళ్ళూ ఉన్న బురుజుని వంగి చూసింది. పైకప్పు లేదు, గోడలో చెట్టు మొలిచింది, చుట్టూ పిట్టలు.

"గుడి బాగు సేయించాల," అంది.

బొమ్మ ఫ్రేములోకి వెళ్ళింది, అద్దం ఎక్కింది, పాత చిల్లుల్లోనే కొత్త మేకులు దిగాయి. అంచు మళ్ళీ వెనక్కి మడవమని ఆవిడే చెప్పింది. చెంగు ముడిలోంచి కుంకుమ పొట్లం తీసి, సరిగ్గా చూడనైనా చూడకుండా వేలు ఆనించింది. బొట్టు బురుజు మీదే పడింది. అక్కడే, రోడ్డు వైపు తిరిగి, పటాన్ని స్టూలు మీద నిలబెట్టి దండం పెట్టుకుంది. నేనూ పెట్టాను. దాదా కూడా పెట్టాడు.

తిరుగు టోటోలో ఆవిడ హఠాత్తుగా అడిగింది. "మీ ఇంట్లోది సాయంకాలం అన్నమాట. మీరేటనీవోరు?"

"సాయంకాలమనే."

"మీ ఆవిడో?"

"పొద్దున్న అనేది."

"అయితే మీరే నెగ్గినారు."

అప్పటిదాకా నాకు తట్టలేదు. నెగ్గాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ వాదన అచ్చు అక్షరాల సాక్ష్యంతో నేనే నెగ్గాను. ఆవిడ క్వార్టర్ దగ్గర దిగేటప్పుడు మౌసుమి ఇచ్చిన మూరీ పొట్లం నా సంచిలో పెట్టింది. మూరీ అంటే మన మరమరాలే. "అటేపు ఎప్పుడైనా నాగావళి దాటితే నా పేరు సెప్పి ఒక పైసా ఏసీయండి," అంది.

ఇల్లు

రైలు నాగావళి వంతెన మీదికి వచ్చేసరికి తెల్లవారుతోంది. పైడమ్మగారి పేరు చెప్పి రూపాయి వేశాను. కింద ఇసుకే ఎక్కువ, నీళ్ళు ఒక పక్కగా పోతున్నాయి. మూడు కమానులూ లేవు, బురుజూ లేదు. ఒకామె కడవతో గట్టు దిగుతోంది.

ఇంటికి వచ్చి తాళం తీశాను. నాలుగు రోజులు మూసి ఉంచిన వాసన. కాఫీ పెట్టుకుని, గ్లాసు పట్టుకుని బొమ్మ ముందు నిలబడ్డాను. మనిషి ఆవుల్ని ఇంటికి తోలుకొస్తున్నాడు. ఇప్పుడిక అనుమానం లేదు.

"సాయంకాలమే. చెప్పానా?" అన్నాను వంటింటి వైపు తిరిగి, కొంచెం గట్టిగానే.

ఎంత రుజువు చూపించినా ఓడిపోయానని ఒప్పుకునే మనిషి కాదు సుభద్ర. ఏదో ఒకటి అనేది. ఆ ఒక్క మాట కోసం కాఫీ చల్లారేదాకా నిలబడ్డాను.